ఉన్ని మైనం: కట్లు విప్పిన పొద్దు

పోయినవారం మన కోడలిని ప్యాకింగు గదిలో కూర్చోబెట్టి, బయట గొళ్ళెం పెట్టి వచ్చేశాం. ఈలోగా మీరూ నేనూ హాయిగా తిన్నాం, తిరిగాం, పడుకున్నాం. కథలో ఒక్క రాత్రే గడిచింది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆమె ఉసురు మనకే తగిలేది. మధ్యలో చేరినవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పి, ఆ గొళ్ళెం తీస్తాను.

కింద వర్క్‌షాపు, పైన కాపురం. కింద తయారయ్యేది చేతులకీ మొహానికీ రాసుకునే క్రీము. క్రీమంటే నూనె, నీళ్ళు. ఆ రెంటికీ ఎప్పుడూ పడదని అందరికీ తెలుసు. వాటిని విడిపోకుండా పట్టి ఉంచేది ఉన్ని మైనం. గొర్రె ఉన్ని కడిగినప్పుడు తేలే జిడ్డుని బాగా శుద్ధి చేస్తే లేత పసుపు రంగులో వస్తుంది. పొడిబారి పగిలిన చర్మాన్ని మెత్తబరిచేదీ అదే. అది లేకపోతే డబ్బాలో నూనె ఓ పక్కా నీళ్ళు ఓ పక్కా, దెబ్బలాడుకున్న తోడికోడళ్ళలా మొహాలు తిప్పుకుని కూర్చుంటాయి.

ఆ ఇంటికో ఆనవాయితీ ఉంది. క్రీము కలపడాన్ని వాళ్ళు వంట అంటారు, కలిపే ఆయన్ని వంటాయన అంటారు. ఏ వంట అయినా కోడలి చేతి మీద రాసి చూడకుండా గడప దాటదు. కుర్చీలో కూర్చోబెట్టి అత్తగారు మోచేతి మడతలో రాస్తారు, కట్టు కడతారు, తెల్లారి విప్పుతారు. చర్మం చక్కగా ఉంటే కోడలు "వెళ్ళొచ్చు" అనాలి. ఆ మాట పడ్డాకే డబ్బాలు నింపుతారు. డబ్బా మూత మీద ఉన్నది కూడా ఆమె చెయ్యే.

చూసినవాళ్ళు "నీకేమమ్మా, గిన్నె కూడా కడగనివ్వని అత్తవారిల్లు" అంటారు. నిజమే, కడగనివ్వరు. ఉల్లిపాయ కోయనివ్వరు, ఎండలోకి పంపరు, వాసన సబ్బు ముట్టుకోనివ్వరు. చెల్లెలు కానుపుకి రమ్మని ఏడిస్తే, వంట ఉంది కుదరదన్నారు. సొంత కూతురు పుట్టినప్పుడు ఎడమచేతి మీద ఎత్తుకోనివ్వలేదు, పాలు కారితే చర్మం పాడవుతుందట! ఇంత మర్యాద పగవాళ్ళకి కూడా వద్దు.

ఈమధ్య ఆ చేతికి దద్దుర్లు లేచాయి. కోడలు పొడుగు చేతుల చొక్కాలు వేసుకుని దాచింది, ఏమీ ఎరగనట్టు "వెళ్ళొచ్చు" అంటూ వచ్చింది. ఎందుకు దాచింది అంటారా? ఆనవాయితీకి రెండో సగం కూడా ఉంది. కోడలి చెయ్యి చెడితే ఆ చోటు ఆమె కూతురిది. పాపకి పదకొండేళ్ళు, పొద్దున లేస్తే ఈతకొలను అంటూ పరిగెత్తే పిల్ల. కొలను నీళ్ళలో మందు కలుపుతారు, ఆ మందు ఈ చేతికి తగలకూడదు. ఇంక ఈతా లేదు, చెలిమీ లేదు, ఊరు దాటడం లేదు. అది తలుచుకునే కోడలు నోరు కుట్టేసుకుంది.

పోయినవారం గరిటె అందుకోబోతుంటే చొక్కా చెయ్యి పైకి జారింది, వంటాయన చూశాడు, గుట్టు రట్టయింది. "చెయ్యి చెడింది" అన్నారు మామగారు. "చెయ్యి కాదు మామయ్యా, మైనం చెడింది" అంది కోడలు. మైనం కొనుక్కొచ్చేది ఆమె భర్త. ఇంక చూస్కోండి!

దాంతో మామగారు పరీక్ష పెట్టారు. ఎడమచేతికి పాత డ్రమ్ము అడుగున మిగిలిన మైనం, కుడిచేతికి కొత్త డ్రమ్ములోది. ఎడమచెయ్యి కొత్తగా పొక్కకుండా కుడిచెయ్యి పొక్కితే తప్పు మైనానిది. రెండూ పొక్కితే తప్పు చేతిది, పాప ఆ రోజు నుంచే కుర్చీ ఎక్కుతుంది. మధ్యలో ఇంకేదీ రాసుకోకుండా రాత్రికి కోడల్ని ప్యాకింగు గదిలో ఉంచి గొళ్ళెం పెట్టించారు. పైగా ఊరూరా కొట్లున్న పెద్ద సంస్థ నుంచి ఒక మేడమ్ రేపు పొద్దున్నే వస్తోంది, ఈ చేతి పరీక్ష కళ్ళారా చూసి క్రీము తీసుకుంటానంది. ఆ రేపే ఈవేళ.

గొళ్ళెం చప్పుడుకి కోడలు మడతమంచం మీద లేచి కూర్చుంది. కునుకు పట్టలేదు. చుట్టూ డబ్బాల దొంతరలు, ఎటు తిరిగినా మూతల మీద తన చెయ్యే. వీధివైపు తలుపుకి లోపలి నుంచి గడియ ఉంది, కానీ తీసుకుని ఎక్కడికి పోతుంది? పాప పైన నాన్నమ్మ పక్కన పడుకుని ఉందాయె. రెండు కట్ల మీదా మామగారు కాగితం ముక్కలు అతికించి సంతకాలు పెట్టారు. "నా మీద నమ్మకం లేదా మామయ్యా?" అంటే, "నమ్మకం ఉంది కాబట్టే సంతకం పెడుతున్నానమ్మా" అన్నారు. ఆ లెక్కేమిటో ఆయనకే తెలియాలి.

కుడిచెయ్యి జిల పెడుతుంటే ఆమెకి సంతోషంగానే ఉంది. పెట్టాలి మరి, అదేగా ఆమె కోరుకున్నది. కాసేపటికి ఎడమచెయ్యి కూడా మొదలుపెట్టింది. అనుమానం అనుకుంది, ఊపిరి బిగబట్టి పడుకుంది. తెల్లారేసరికి అనుమానం కాదని ఒళ్ళు చెప్పేసింది.

మామగారు వచ్చి, కళ్ళజోడు సర్దుకుని, సంతకాలు చూసుకుని తృప్తిగా తలూపారు. ఆడవాళ్ళ చేతి కట్లు విప్పడం ఆడవాళ్ళ పని అని అత్తగారిని అక్కడ వదిలి, మేడమ్‌కి ఫోను చెయ్యడానికి వెళ్ళారు. అత్తగారు వేడినీళ్ళ గిన్నె కింద పెట్టి, తలుపు దగ్గరగా వేసి, కత్తెర తీశారు.

"ముందు ఎడమచెయ్యి ఇటు చాపు."

కట్టు ఊడింది. మోచేతి మడతంతా కందిపోయి, కొత్తగా చిన్న చిన్న నీటిపొక్కులు లేచి ఉంది. అత్తగారు కుడిచేతి కట్టు విప్పారు. అదీ అంతే.

"అయిపోయింది అత్తయ్యా," అంది కోడలు. "పాప పని అయిపోయింది."

అత్తగారు ఊడదీసిన గుడ్డలు మడిచి పక్కన పెట్టబోయారు. అప్పుడు పడింది కోడలి చూపు వాటి మీద. రెండు గుడ్డలకీ అంటిన మైనం ఒకటే రంగు, చిక్కటి టీ డికాషన్ రంగు. కొత్త మైనం నల్లగా ఉందేమిటని వంటాయన సణిగితే భర్త "ఈ కాలంలో వచ్చే ఉన్ని అంతే" అని సర్దేశాడు. మరి పాత మైనం లేత పసుపుగా ఉండాలి కదా?

ఆమె రెండు గుడ్డలూ లాక్కుని వెలుతురులో పెట్టి చూసింది. వాసన చూసింది. రెండూ తడిసిన గొంగళి కంపే.

"కట్టింది మీరు," అంది. "రెండు చేతులకీ కొత్తదే పెట్టారు. కొడుకుని కాపాడుకోవడానికి నా కూతుర్ని బలి పెడతారా?"

"నోర్ముయ్!" అన్నారు అత్తగారు. వెంటనే భయపడి గొంతు తగ్గించారు. "నా కొడుకు మీద ఒట్టు. పాత డ్రమ్ములోంచి నా చేత్తో తీశాను, నా చేత్తో పెట్టాను. అబద్ధమైతే నా కళ్ళు పోతాయి."

"మరి రంగు?"

"రంగు చూసే కళ్ళు నాకెక్కడివే? శుక్లాలు వచ్చి నీ మొహమే మసగ్గా కనిపిస్తుంటే!"

అదీ నిజమే. కోడలు గుడ్డల వంకే చూస్తూ నిలబడింది. అత్తగారు కత్తెర పక్కన పెట్టి, ఏమనుకున్నారో ఏమో, తన పొడుగు చేతుల రవిక నెమ్మదిగా పైకి మడిచారు. మోచేతి మడతలో చర్మం బిరుసెక్కి, మడతలు పడి, అక్కడక్కడ తెల్లమచ్చలుగా ఉంది. ఇన్నేళ్ళ కాపురంలో కోడలు ఆ చెయ్యి ఎప్పుడూ చూడలేదు.

"నీకంటే ముందు మూత మీద బొమ్మ నాది," అన్నారు. "ఎనిమిదేళ్ళు బాగానే ఉంది. తర్వాత మైనం పడడం మానేసింది. మంచి మైనమే, నా ఒంటికే పడలేదు. కొందరికి అలా అవుతుందట. ఆయనకి చెప్పలేదు. పొక్కుతున్న చేత్తోనే వెళ్ళొచ్చు, వెళ్ళొచ్చు అంటూ కూర్చున్నాను."

"ఎన్నాళ్ళు?"

"నువ్వొచ్చేదాకా."

కోడలు ఆ బిరుసెక్కిన చెయ్యి వంకా, తన చెయ్యి వంకా మార్చి మార్చి చూసింది.

"నిన్ను చూడ్డానికి వచ్చినప్పుడు అందరూ నీ మొహం చూశారు," అన్నారు అత్తగారు. "నేను నీ మోచెయ్యి చూశాను. పాలమీగడలా ఉంది. ఈ పిల్ల అయితే నన్ను విడిపిస్తుంది అనుకున్నాను. నీ చదువు అడగలేదు, నీకేం ఇష్టమో అడగలేదు. ఒంటికి దురదలు గట్రా ఉన్నాయా అని మాత్రం మీ అమ్మని అడిగాను."

కోడలికి ఏడుపు రాలేదు, కోపం వచ్చింది, అదీ నిలవలేదు. ఎదురుగా ఉన్నది అత్తగారు కాదు, ముప్పై ఏళ్ళు ముందు నడిచిన తనే. తిట్టినా తనకే తగులుతుంది.

"ఇప్పుడేం చెయ్యమంటారు?"

"ఏం చేస్తావ్? నోరు తెరిస్తే నీ మొగుడు తండ్రి ముందు తలెత్తుకోలేడు. మూసుకుంటే పాప. ముందు నుయ్యి వెనక గొయ్యి. నేను మూసుకున్నాను. ఇల్లు నిలబడింది."

"ఇల్లు నిలబడింది అత్తయ్యా, మీరూ నేనూ కూలబడ్డాం."

అత్తగారు జవాబు చెప్పేలోగా తలుపు తెరుచుకుంది. ముందు మామగారు, వెనక భర్త, ఇద్దరి మధ్యలో పాప. తల దువ్వి, ఉతికిన గౌను వేసి తీసుకొచ్చారు. ఈత సంచీ మాత్రం భుజానికి తగిలించుకునే ఉంది, ఎవరు తియ్యమన్నా తియ్యలేదట.

మామగారు కోడలి చేతులు రెండూ పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశారు. ఆయన చెడ్డవాడు కాదు, అది చెప్పకపోతే నాకు పాపం. వీధిలో ఎవరి పిల్ల పడినా ముందు పరిగెత్తేది ఆయనే. కానీ ఆయనకి ఓ నమ్మకం పట్టిందంటే, ఉడుంపట్టే.

"రెండూ పొక్కాయి," అన్నారు. నిజంగానే బాధపడ్డారు. "నీ తప్పేం లేదమ్మా. చెయ్యి ఎన్నాళ్ళని పనిచేస్తుంది? ఇక విశ్రాంతి తీసుకో. అన్నం వండుకో, అంట్లు తోముకో, నీ ఇష్టం."

అంట్లు తోముకునే స్వాతంత్ర్యం! కోడలికి నవ్వొచ్చినంత పనైంది.

"మామయ్యా, ఈ రెండు గుడ్డలూ చూడండి. పాత మైనం ఇలా ఉంటుందా?"

ఆయన చూశారు. కనుబొమలు ముడిచారు. కొడుకు వైపు తిరిగారు.

భర్త మంచివాడే, సరసుడే, నలుగుర్నీ నవ్వించగలడు. తండ్రి ముందు నిలబడితే మాత్రం నోట్లో నాలుక ఉండదు. ఇప్పుడు మాత్రం ఎక్కడలేని చురుకూ వచ్చింది.

"పాత డ్రమ్ము కదా నాన్నా, అడుగున ఉండిపోయి రంగు మారుంటుంది. నూనె సరుకు ముదిరితే మారదూ? మేడమ్ వచ్చే వేళైంది. ఈ రంగుల పంచాయితీ తర్వాత పెట్టుకుందాం."

"అదీ నిజమే," అన్నారు మామగారు. ఆయనకి కావలసింది అదే. కుర్చీ జరిపి, పాపని పిలిచి కూర్చోబెట్టారు. "రా తల్లీ. సంచీ తీసెయ్. ఇవాళ్టి నుంచి నీ చెయ్యి బంగారం."

"ఈతకి వెళ్ళొచ్చా తాతయ్యా?"

"ఈతా? ఆ నీళ్ళు మంచివి కావు తల్లీ."

పాప తల్లి వంక చూసింది. బల్ల మీద నిన్న కట్టగా మిగిలిన కొత్త మైనం గిన్నె ఉంది, చెక్క గరిటె ఉంది. ఆమె గరిటెడు మైనం తీసుకుని భర్త ముందుకి వెళ్ళింది.

"ఏమండీ, చెయ్యి పెట్టండి."

"ఏంటి?"

"నా చెయ్యి చెడింది, నిజమే. మీది బాగానే ఉందిగా? మీరు తెచ్చిన మైనమే. మీ చేతికి కాస్త రాసి చూద్దాం. పొక్కకపోతే నేనే పాపకి రాస్తాను, ఇంకో మాట మాట్లాడను."

"మగాడి చెయ్యా?" అన్నారు మామగారు. "ఎప్పుడైనా విన్నామా?"

"మగాడిదైనా చర్మమే కదా మామయ్యా."

భర్త నవ్వబోయాడు, కుదరలేదు. "పిచ్చెక్కిందా నీకు?" అంటూ రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. చంటిపిల్లాడు చాక్లెట్టు దాచుకున్నట్టు! ఆ గదిలో అది చూడనివాళ్ళు లేరు, శుక్లాలున్న అత్తగారికి కూడా కనిపించింది.

అప్పుడు పాప లేచింది. పెద్దవాళ్ళంతా మొహాలు మాడ్చుకుంటే పిల్లలకి భరించరాదు, ఏదో ఒకటి చేసి తేల్చెయ్యాలనుకుంటారు. కుర్చీ దిగి, గౌను చెయ్యి పైకి లాక్కుని, తల్లి చేతిలో గరిటె కింద తన చెయ్యి పెట్టేసింది.

"నాన్నకి భయమైతే నాకు రాయమ్మా. నాకేం భయం లేదు."

కోడలు గరిటె వెనక్కి లాక్కునేలోగానే మైనం బొట్టొకటి సాగి కిందికి దిగుతోంది.

"వద్దు!" భర్త ఒక్క కేక పెట్టాడు. గరిటె మీద కొట్టాడు, అది వెళ్ళి డబ్బాల దొంతరకి తగిలింది, దొంతరంతా ధడధడా కూలింది. పాప చెయ్యి పట్టుకుని తన చొక్కాతో గబగబా తుడిచేశాడు, ఏమీ పడకపోయినా తుడిచాడు. "దానికొద్దు! దానికి రాయకు! చిన్నపిల్ల చర్మం అది!"

మూతలు దొర్లుతూ దొర్లుతూ ఆగాయి.

"దానికి వద్దు," అంది కోడలు. "సరే. మరి నాకు?"

అతను పాప చెయ్యి తుడుస్తూనే ఉన్నాడు.

"ఇన్ని వంటలు నా చేతికి రాస్తుంటే పక్కనే నిలబడి చూశారు. కట్టు గట్టిగా కట్టమని కూడా చెప్పారు ఓసారి. నాకైతే పర్లేదా?"

"ఏముందిరా అందులో?" అన్నారు మామగారు.

అతను కూలబడ్డట్టు మడతమంచం మీద కూర్చున్నాడు. నిజం ముక్కలు ముక్కలుగా బయటికొచ్చింది. చర్మానికి వాడే మైనం దొరకడం మానేసింది, పెద్ద కంపెనీలు ఉన్నదంతా ఎత్తుకుపోయాయి. దొరకలేదని తండ్రికి చెప్పలేకపోయాడు. ఓడరేవులో తాళ్ళకీ గొలుసులకీ తుప్పు పట్టకుండా పూసే మొరటు రకం దొరికింది. గొర్రెలకి పురుగు పట్టకుండా కొట్టే మందు కూడా అందులో మిగిలే ఉంటుందట. సబ్బునీళ్ళతో కడిగాడు, వడగట్టాడు, సువాసన కలిపాడు.

"పాత డ్రమ్ము?"

"అది ఎప్పుడో ఖాళీ నాన్నా. నిన్న మీరు పరీక్ష అనగానే నేనే ఇది కాస్త తీసి అడుగున వేశాను." అప్పటికి గాని అతను భార్య మొహం చూడలేదు. చూసి, తిరగబడ్డాడు. తప్పు చేసినవాడికి ఎదుటివాళ్ళ తప్పు భలే కనిపిస్తుంది. "నువ్వు వెళ్ళొచ్చు అన్నావుగా! ప్రతిసారీ అన్నావు. ఒక్కసారి వద్దని ఉంటే నేను ఆపేసేవాణ్ణి. నీ మాట మీదేగా డబ్బాలు వెళ్ళాయి!"

ఆ దెబ్బ సూటిగా తగిలింది. అవును, అంది. ఏ ఇంట్లో ఎవరి చేతులు పొక్కుతున్నాయో! పాప కోసం దాచింది, ఆ పాప ఈడు పిల్లలు ఎంతమంది రాసుకున్నారో!

"అన్నాను," అంది. "అది నా తప్పే. మీకు మాత్రం నా మాట మీద నమ్మకం లేదు. ఉంటే పాపకి ఎందుకు వద్దన్నారు?"

వీధిలో కారు ఆగింది. తలుపు బయట ఎవరో కాళ్ళు తుడుచుకుంటున్న చప్పుడు. తర్వాత బెల్లు.

మామగారు గోడ పట్టుకుని నిలబడి ఉన్నారు. కోడలు ఆయన వంకే చూసింది. ఆనవాయితీ అంటే ప్రాణం పెట్టే మనిషి, చర్మానికి హాని చేసే సరుకు గడప దాటకూడదనే కదా ఈ చెయ్యీ ఈ కట్టూ అన్నీ. ఆయన ఒక్క మాటంటే చాలు.

ఆయన అన్నారు. "చొక్కా చేతులు దించుకో అమ్మా."

"మామయ్యా!"

"ఇవాళ ఒక్కరోజు. మేడమ్ ముందు ఒక్క మాట, వెళ్ళొచ్చు అను. ఆవిడ వెళ్ళాక ఆ డ్రమ్ములు నేనే పారబోస్తాను. మంచి మైనం వెతుకుదాం. నీ కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటాను. ఇంత కట్టిన ఇల్లు తల్లీ."

"నా నోట ఆ మాట రాదు."

"రాకపోతే," ఆయన చూపు పాప మీదికి వెళ్ళింది, సిగ్గుపడి కిందికి దిగింది. "పాప చేతికి వెన్న రాసినా చాలు. దాని నోటితో అనిపిస్తాను. ఒక్క మాటే కదా."

మళ్ళీ బెల్లు. అత్తగారు వీధి తలుపు గడియ పక్కనే ఉన్నారు. "ఇప్పుడే తియ్యకు" అన్నారు మామగారు. అత్తగారు ఆయన్ని చూశారు, పాపని చూశారు, ఏ చెయ్యైతే ఇన్నేళ్ళూ ఎవరికీ కనపడకుండా దాచారో ఆ చేత్తోనే గడియ లాగేశారు.

మేడమ్ నవ్వుతూ లోపలికి వచ్చింది. కింద పడ్డ డబ్బాలు దాటుకుంటూ, "అయ్యో, ఏంటీ హడావిడి? నా కోసమేనా?" అంది. "ఏదీ, ఆ బంగారు చెయ్యి ఏదీ? నేను దాన్ని చూడ్డానికే వచ్చాను."

మామగారు పాప భుజం మీద చెయ్యి వేసి ముందుకి నడిపించబోయారు. కోడలు అడ్డం వచ్చి, పాపని తన వెనక్కి తోసి, రెండు చేతులూ మేడమ్ ముందు చాపింది. వెలుతురులో పొక్కులు మెరుస్తున్నాయి. ఎన్నాళ్ళుగానో గుండెల మీద ఉన్న బరువు దిగినట్టైంది. ఇక ఎవరూ దీన్ని దాచలేరు అనుకుంది.

మేడమ్ నవ్వు ఆగిపోయింది. "ఇదేంటమ్మా? దేనివల్ల?" అంటూ చెయ్యి పట్టుకు చూడబోయింది.

కోడలు నోరు తెరిచేలోగా వెనక నుంచి భర్త గొంతు వినిపించింది. మెత్తగా, దుఃఖంగా, ఎంతో ప్రేమగా ఉంది ఆ గొంతు.

"ముట్టుకోకండి మేడమ్. మా ఆవిడకి ఎప్పట్నించో చర్మరోగం. అంటుకుంటుందని డాక్టరు చెప్పాడు. పాపం, పనిలోంచి తీసేశామని కోపం, ఎవరొచ్చినా ఇలాగే చేస్తుంది."

మేడమ్ చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది. కోడలి దగ్గర్నించి ఓ అడుగు దూరం జరిగి, పాపని కూడా జరగమని సైగ చేసింది.